అల్లుడూ, ఫ్రీక్వెన్సీని ఆటోలో వదిలెయ్యకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

టౌన్ నుంచి మన ఊరికి వైర్‌లెస్ లింకు వేస్తున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. డిష్‌లు బిగించేశావట, ఫ్రీక్వెన్సీ మాత్రం రేడియోనే ఎంచుకునేలా ఆటోలో వదిలేస్తానన్నావట. ఆ పని చెయ్యకు.

నా మొదటి లింకు అలాగే పెట్టాను. మధ్యాహ్నం టెస్ట్ చేస్తే స్పీడ్ బ్రహ్మాండంగా వచ్చింది. రాత్రి ఏడు దాటేసరికి కస్టమర్ల ఫోన్లు మొదలు. సిగ్నల్ మైనస్ 58 డీబీఎం దగ్గర, అంటే బాగానే, కదలకుండా ఉంది, నెట్ మాత్రం నడవదు. మూడు రోజులు కేబుళ్లు, కనెక్టర్లు మారుస్తూ టెన్షన్ పడ్డాను. నాలుగో రోజు రాత్రి ఎనిమిదింటికి అవతలి ఊళ్లో రైస్ మిల్లు డాబా ఎక్కి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఏ ఛానల్లో (ఫ్రీక్వెన్సీ ముక్కలో) ఎంత గోల ఉందో చూపే స్కాన్ వేశాను. నా ఛానల్ మీదే ఇంకో మూడు రేడియోలు అరుస్తున్నాయి. నా టవర్ దగ్గర అదే ఛానల్ ఖాళీగా కనబడింది!

అందుకే చెబుతున్నా, నువ్వు పంపేది అవతలి రేడియో వినాలి. గోల ఎంతుందో వినేచోటే చూడాలి. రెండు చివర్లా స్కాన్ చెయ్యి, అదీ ఊరంతా ఫోన్లు పట్టుకునే రాత్రి వేళ. స్కాన్ వేస్తే చాలా రేడియోల్లో లింకు తెగుతుంది, కస్టమర్లకు ముందే చెప్పుకో.

2.4 గిగాహెర్ట్జ్ జోలికి పోకు. ప్రతి ఇంటి రౌటరూ అక్కడే ఉంటుంది, ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే. 5 గిగాహెర్ట్జ్‌లో 5150 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు 2018లోనే మన దేశంలో లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు. కానీ అందరూ పై చివర 5.8 గిగాహెర్ట్జ్ లోనే ఇరుక్కుంటారు. మధ్యలోని ఛానళ్లు తరచు ఖాళీగా దొరుకుతాయి. అయితే అక్కడ రాడార్లుంటాయి కనుక రేడియో ముందు ఒక నిమిషం విని అప్పుడు మొదలుపెడుతుంది, రాడార్ వినబడితే ఛానల్ వదిలేసి అరగంట దాకా అటు రాదు. దీన్ని తప్పించుకోవడానికి రేడియోలో ఏ దేశమో చెప్పే కంట్రీ సెట్టింగ్ మార్చేవాళ్లున్నారు. నువ్వు మార్చకు. విమానాలకీ వాతావరణానికీ వాడే రాడార్లవి.

ఛానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టాలనే ఆశ వద్దు. 20కి దిగితే నాయిస్ (గోల) 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ఖాళీ చోటు వెతుక్కోవడమూ తేలిక. మన ఊరికి అది సరిపోతుంది. పవర్ కూడా అవసరానికి మించి పెంచకు, పక్క ఆపరేటరూ పెంచుతాడు. అతన్ని కలిసి ఎవరిది ఏ ఛానలో కాగితం మీద రాసుకోండి.

రెండు చివర్ల స్కాన్ ఫోటోలూ రాత్రికి వాట్సాప్ చెయ్యి. చూసి ఛానల్ చెబుతాను.

మీ మామయ్య