గేమ్‌లో గ్రహాలు సరిదిద్దుతున్న బిడ్డకు ఏ చదువు?

ప్రశ్న: మాది జమ్మికుంట. పత్తి మార్కెట్‌లో కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. మా బిడ్డ హన్మకొండ నయీంనగర్‌లో మా చెల్లె ఇంట్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. ఫస్టియర్ మార్కులు మంచిగనే వచ్చినయ్. ఆర్నెల్ల నుంచి స్టెల్లారిస్ అనే కంప్యూటర్ గేమ్ పట్టుకుంది. ఆడుతలేదట, అందులో సూర్యుడి చుట్టూ గ్రహాలు తప్పుగా పెట్టారట, సరిచేస్తోందట. రాత్రి ఒంటిగంట దాకా అదే పని. మా చెల్లె లాప్‌టాప్ దాచిపెడతానంటోంది. మాన్పించమంటారా? దీనికి తగ్గ చదువేమన్నా ఉందా? ఇస్రోలో పనికొస్తదా? కొత్త లాప్‌టాప్ కూడా అడుగుతోంది, కొనాల్నా?

జవాబు: మాన్పించకండి, వేళ మాత్రం మార్చండి. రాత్రి పదిన్నర దాటాక లాప్‌టాప్ మూసెయ్యాలి. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు ఆ పనికి వదిలెయ్యాలి. దాచిపెడితే ఫోన్‌లో మొదలుపెడుతుంది, అది ఇంకా చెడ్డది.

బయటికి గేమ్ పిచ్చిలా కనిపిస్తున్నదాంట్లో మూడు వేరువేరు పనులు కలిసిపోయి ఉన్నాయి: లెక్క, ప్రోగ్రామింగ్, ఆట రూపకల్పన. మూడూ మూడు దిక్కుల చదువులకు పోతాయి. మీ బిడ్డ ఏ పని దగ్గర టైం మరిచిపోతోందో తెలిస్తే కోర్సు ఎంపిక సగం తేలినట్టే. అందుకే ముందు ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను, మీరు పక్కన కూర్చుని చూసినప్పుడు అర్థం కావడానికి.

స్టెల్లారిస్ అంటే అంతరిక్షంలో రాజ్యాలు కట్టే ఆట. అందులో ఒక్కో నక్షత్రాన్నీ దాని గ్రహాలనూ మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంచుతారు. ప్రతి గ్రహానికీ రకం, సైజ్, కక్ష్య దూరం, కోణం అని అంకెలుంటాయి. వాటిని మార్చితే మ్యాప్ మారుతుంది. ఇక్కడ కొత్తవాళ్ళు మూడుచోట్ల బోల్తా పడతారు. కక్ష్య దూరాన్ని సూర్యుడి నుంచి కాకుండా ముందున్న గ్రహం కక్ష్య నుంచి లెక్కేసి రాయాలి. ఆ సంగతి తెలియక అన్నీ సూర్యుడి నుంచి రాస్తే నెప్ట్యూన్ మ్యాప్ అవతలికి పోతుంది. రెండోది, ఒక్క ఫ్లవర్ బ్రాకెట్ మూయకపోతే దాని కింద రాసినదంతా గందరగోళమవుతుంది. లాగ్స్ ఫోల్డర్‌లోని ఎర్రర్ ఫైల్ తెరిస్తే తప్పు ఎక్కడ మొదలైందో చాలావరకు దొరుకుతుంది. మూడోది, గెలాక్సీ తయారయ్యేది కొత్త ఆట మొదలుపెట్టినప్పుడే. పాత సేవ్ తెరిచి ‘ఏమీ మారలేదే’ అని గంటలు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

అసలు చిక్కు కొలతల దగ్గర. వేయిస్తంభాల గుడి ముందు మీటరు వెడల్పు బంతి పెట్టి దాన్ని సూర్యుడనుకోండి. ఆ లెక్కన భూమి 107 మీటర్ల దూరంలో 9 మిల్లీమీటర్ల శనగ గింజ. అంగారకుడు 164 మీటర్ల దగ్గర పెసర గింజ. బృహస్పతి 560 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్ల పెద్ద బత్తాయి. నెప్ట్యూన్ 3.2 కిలోమీటర్ల అవతల, వరంగల్ స్టేషన్ దారిలో ఎక్కడో ఉంటుంది. దీన్ని ఉన్నదున్నట్టు తెర మీద పెడితే ఖాళీ తప్ప ఏమీ కనిపించదు. సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దాకా మ్యాప్ 30 సెంటీమీటర్లుంటే మొదటి నాలుగు గ్రహాలూ ఒకటిన్నర సెంటీమీటర్లో ఇరుక్కుంటాయి. అందుకని లెక్కలకు అసలు దూరాలు, చూపించడానికి వాటి వర్గమూలాలు వాడతారు. భూమి 1 అయితే అంగారకుడు 1.23, బృహస్పతి 2.28, శని 3.09, నెప్ట్యూన్ 5.48 దగ్గర పడతాయి. వరుస చెడదు, అన్నీ కనిపిస్తాయి. అయితే అంతరిక్ష ఓడ ప్రయాణాన్ని ఈ కుదించిన మ్యాప్ మీద కొలవకూడదు. కొలిస్తే బయటి గ్రహాలకు ప్రయాణం ఉత్తపుణ్యానికి తేలికైపోతుంది.

సైజ్ అంకె దగ్గరా ఇలాంటిదే. ఆ గేమ్‌లో మనుషులుండే గ్రహానికి సైజ్ అంటే బొమ్మ పెద్దదా చిన్నదా అన్నది ఒక్కటే కాదు, దాని మీద ఎన్ని జిల్లాలు కట్టొచ్చో కూడా అదే చెబుతుంది. అంగారకుడి వ్యాసం భూమి వ్యాసంలో సగానికి కాస్త ఎక్కువ. ఆ నిజం ప్రకారం సైజ్ తగ్గిస్తే అక్కడ కాపురం పెట్టిన ఆటగాడు నష్టపోతాడు. నిజాన్ని ఎక్కడ పట్టుకోవాలి, ఆట కోసం ఎక్కడ వదలాలి అని బిడ్డ తర్జనభర్జన పడుతుంటే, ఎందుకు వదిలిందో రాసిపెట్టుకుంటుంటే, ఆమెకు రూపకల్పన వైపు బుద్ధి ఉన్నట్టు.

ఇంకో హద్దు కూడా ఉంది, బహుశా బిడ్డ ఇప్పటికే దానికి గుద్దుకుని ఉంటుంది. స్టెల్లారిస్‌లో గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరగవు, పెట్టినచోటే ఉంటాయి. ఫైళ్ళు ఎంత మార్చినా వాటిని తిప్పలేం. అక్కడితో ఆపేసేవాళ్ళు ఆపేస్తారు. తిరిగి తీరాలి అనుకునేవాళ్ళు ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లోనో, ఉచితంగా దొరికే, గేమ్‌లు కట్టే గోడాట్ ఇంజిన్‌లోనో సొంతంగా చిన్న సౌరకుటుంబం కట్టుకుంటారు. చదువుకు పనికొచ్చేది ఆ రెండో పనే.

ఇకమీద ఉన్న నాలుగు పేరాలు నేరుగా మీ బిడ్డకు.

అమ్మా, ఒక్క అంగారకుడితో మొదలుపెట్టు. 2బీలో దీర్ఘవృత్తం చదువుతావు కదా, అదే ఇది. సూర్యుడు నాభి దగ్గర ఉంటాడు. అర్ధ దీర్ఘాక్షం 1.524 ఏయూ. ఒక ఏయూ అంటే సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరం, 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు. ఉత్కేంద్రత 0.0934. కెప్లర్ మూడో నియమం ప్రకారం 1.524 ఘనం 3.54, దాని వర్గమూలం 1.88 ఏళ్ళు, అంటే 687 రోజులు. గ్రహం ఒకే వేగంతో తిరిగితే రోజుకు 0.524 డిగ్రీలు. కానీ సూర్యుడికి దగ్గరైనప్పుడు వేగం పెరుగుతుంది, దూరమైనప్పుడు తగ్గుతుంది. సగటు లెక్కలో పరిహేళి (సూర్యుడికి అతి దగ్గరి చోటు) నుంచి 60 డిగ్రీల దగ్గర ఉండాల్సిన రోజున నిజంగా ఎక్కడుంటుందో చూద్దాం. కెప్లర్ సమీకరణాన్ని ‘కొత్త కోణం = 60 + ఉత్కేంద్రత × పాత కోణం సైన్’ అని రాసుకుని మళ్ళీమళ్ళీ వెయ్యి. 60 పెడితే 64.63 వస్తుంది. దాన్ని పెడితే 64.84. ఇంకోసారి వేసినా 64.84 దగ్గరే ఆగుతుంది. ఇక్కడ డిగ్రీల్లో పనిచేస్తే ఉత్కేంద్రతను 57.3తో గుణించి 5.35గా వాడాలి. అది మరిచిపోతే 60.08 వస్తుంది, తప్పని కంటికి కూడా అనిపించదు. ఆ 64.84ను సూర్యుడి దగ్గరి కోణంగా మార్చితే 69.8 డిగ్రీలు. వృత్తం గీసి సరిపెట్టినవాళ్ళ గేమ్‌లో ఆ రోజు అంగారకుడు దాదాపు 10 డిగ్రీలు తప్పులో ఉంటాడన్నమాట.

మొదలుపెట్టే తేదీగా 2000 జనవరి 1 మధ్యాహ్నం 12 గంటలు తీసుకో. నాసా పరిశోధనాశాల జేపీఎల్ ప్రచురించిన గ్రహాల పట్టిక ఆ క్షణానికే ఉంటుంది. అందులో ఇచ్చేది సగటు రేఖాంశం. దాన్ని నేరుగా వాడకూడదు, అందులోంచి పరిహేళి రేఖాంశాన్ని తీసెయ్యాలి. అంగారకుడికి −4.55లోంచి −23.94 తీసేస్తే 19.39 డిగ్రీలు. ఇందాకటి 60 స్థానంలో పెట్టాల్సింది ఇదే. నీ లెక్క సరైందో కాదో తెలుసుకోవడానికి అదే జేపీఎల్ వారి హొరైజన్స్ సేవలో అయిదు తేదీలు అడిగి పోల్చు. మామూలుగా అది భూమి నుంచి చూసిన స్థానం ఇస్తుంది. కేంద్రాన్ని సూర్యుడిగా మార్చకపోతే నీ లెక్క మొత్తం తప్పనిపించి నిరుత్సాహపడతావు. తేడా ఒక డిగ్రీలోపు ఉంటే ఆటకు చాలు.

గోడాట్‌లో త్రీడీ కట్టినప్పుడు ఓడ గజగజ వణుకుతుంది. నీ కోడ్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు. అందులో స్థానాలను మామూలుగా 32 బిట్ల సంఖ్యల్లో దాస్తారు, ఏడంకెల వరకే నమ్మకం. దూరాలను మీటర్లలో పెడితే భూమి దగ్గర ఒక సంఖ్యకూ పక్క సంఖ్యకూ మధ్య 16,384 మీటర్ల ఎడం ఉంటుంది. ఓడ పదహారు కిలోమీటర్ల మెట్లెక్కుతూ దిగుతూ ఉంటుందన్నమాట. లెక్కలన్నీ 64 బిట్లలో చెయ్యి, అప్పుడు అదే ఎడం మిల్లీమీటరులో వందో వంతుల్లోకి దిగుతుంది. గీసే ముందు మాత్రం కెమెరా ఉన్నచోటును సున్నా చేసి మిగతావన్నీ అక్కడి నుంచి తీసెయ్యి. ఇంకోటి: ఆటలో ఒక్కో అడుగు 30 రోజులు పెట్టావనుకో, బృహస్పతి చందమామ అయో 1.769 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి అడుగడుగుకూ సుమారు 15 డిగ్రీలు వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. చందమామలను చూపించే అడుగు వేరుగా, చిన్నగా ఉంచు.

చివరి పరీక్షగా మంగళ్‌యాన్ దారి వెయ్యి. 2013 డిసెంబరు 1న భూమి కక్ష్య వదిలింది, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో చేరింది, 297 రోజులు. వృత్తాలుగా అనుకుని హోమాన్ దారి (రెండు కక్ష్యలనూ తాకుతూ తక్కువ ఇంధనంతో పోయే అర్ధ దీర్ఘవృత్తం) లెక్కేస్తే 259 రోజులే వస్తాయి. అంగారకుడు భూమికి 44 డిగ్రీలు ముందున్నప్పుడు బయలుదేరాలి, ఆ అదను 780 రోజులకోసారి వస్తుంది. కక్ష్యలు వృత్తాలు కావు, ఒకే తలంలోనూ లేవు. 259కీ 297కీ మధ్య ఎందుకు తేడా వచ్చిందో ఒక పేజీ రాసి దాచిపెట్టు. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా ఆ పేజీ నీకు మాట్లాడేందుకు సరుకవుతుంది.

మళ్ళీ మీకు. ఇందులో కెప్లర్ లెక్క దగ్గర కూర్చుని పేపర్లు నింపుతోందా? అయితే భౌతికశాస్త్రం వైపు చూడండి. తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ నడిపే ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. అక్కడ ఏరోస్పేస్, ఏవియానిక్స్, ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఉన్నాయి. తిరుపతిలోని సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌కు విడిగా ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉంటుంది. ఇవేవీ రాకపోతే బీఎస్సీ తక్కువ దారేం కాదు. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా కాకతీయ యూనివర్సిటీ పరిధిలో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ తీసుకుని, తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఆస్ట్రానమీకి పోవచ్చు. ఈ దారిలో సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది. దానికి ఇంట్లో సిద్ధపడాలి.

వణికే ఓడను ఆపేదాకా లేవడం లేదా? అయితే కంప్యూటర్ సైన్స్. వరంగల్ నిట్‌కు జేఈఈ మెయిన్ ర్యాంకుతో జోసా కౌన్సెలింగ్‌లో సీటు. సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, అమ్మాయిలకు అదనపు సీట్లు కూడా ఉన్నాయి. ఇంటర్‌లో 75 శాతం ఉండాలన్న నిబంధన మరవకండి. బోర్డు మార్కులు వదిలేసి ర్యాంకు ఒక్కటే పట్టుకున్నవాళ్ళు అక్కడ ఇబ్బంది పడ్డారు. టీజీ ఈఏపీసెట్ ర్యాంకుతో వరంగల్‌లో కిట్స్, కాకతీయ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ, జగిత్యాల, మంథని జేఎన్‌టీయూ కాలేజీలు ఉన్నాయి. మీకు ఇంటికి దగ్గర, ఫీజు కూడా తక్కువ కాబట్టి ప్రభుత్వ కాలేజీలను వెబ్ ఆప్షన్లలో పైన పెట్టండి.

సైజ్ ఎంత ఉంచితే ఆట బాగుంటుందన్న దగ్గరే ఆగిపోతుంటే డిజైన్. డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్ రాస్తే హైదరాబాద్ ఐఐటీ లాంటి చోట్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ) ఉంది. గేమింగ్ డిగ్రీ పేరుతో లక్షలు అడిగే ప్రైవేటు సంస్థల దగ్గర మాత్రం జాగ్రత్త. కిందటేడు చదివినవాళ్ళు కట్టిన గేమ్‌లు చూపించమనండి, ఆడి చూడండి. చూపించలేకపోతే లేచి వచ్చెయ్యండి.

ఇస్రో గురించి అడిగారు. గేమ్‌లో ఇలా చేసిన మార్పులు (మాడ్) చూసి అక్కడ ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. సైంటిస్ట్ ఇంజినీర్ పోస్టులకు ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లో కనీసం 65 శాతం ఉండి, రాత పరీక్ష, ఇంటర్వ్యూ దాటాలి. హైదరాబాద్‌లోని స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటి ప్రైవేటు అంతరిక్ష కంపెనీల దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం సొంతంగా చేసిన పని చూపించడం అక్కరకొస్తుంది. అందుకే ఇప్పటి నుంచే ప్రతి మార్పునూ తేదీతో కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో పెట్టమనండి. పక్కన హొరైజన్స్‌తో పోల్చిన తేడాల పట్టిక కూడా ఉండాలి.

ఇప్పటి లెక్క ఇది. జేఈఈ మెయిన్ జనవరి, ఏప్రిల్‌లలో రెండు విడతలు, మధ్యలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు. డిసెంబరు దాకా వారానికి నాలుగు గంటలు ఆ పనికి ఇవ్వండి. ఒక్క అంగారకుడి వరకు ముగించి అక్కడ ఆపాలి. మిగతా ఏడు గ్రహాలు ఈఏపీసెట్ అయ్యాక. నడుమ ఖాళీ దొరికితే 2బీలో దీర్ఘవృత్తం, ఫస్టియర్ ఫిజిక్స్‌లో గురుత్వాకర్షణ అధ్యాయం లెక్కలు చేయించండి. అవి రెండు వైపులా పనికొస్తాయి.

లాప్‌టాప్ ఇప్పుడు కొనకండి. పైథాన్‌కూ గోడాట్‌లో ఈ స్థాయి పనికీ 8 జీబీ ర్యామ్ ఉన్నది చాలు, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు. పాతదానిలో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే దాని బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి, నిదానం చాలావరకు పోతుంది. కాలేజీలో చేరాక ఏ బ్రాంచో తెలిశాక కొనవచ్చు. పాత లాప్‌టాప్ విప్పేముందు ఆ ఆర్నెల్ల పని ఉన్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించడం మాత్రం మరిచిపోకండి.