సింగ్యులర్ ఫిట్ అని వస్తే ముందు ఊళ్ల నంబర్లు చూడండి

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో నాలుగు మండలాలు, మండలానికి పది ఊళ్లు, మొత్తం 600 మంది క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) డేటా ఉందన్నారు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఎల్‌మర్ (lmer) ఫంక్షన్‌తో ఊరిని రాండమ్ ఎఫెక్ట్‌గా (అంటే ఊరికీ ఊరికీ ఉండే తేడాని విడిగా లెక్కేసేలా) పెడితే ‘సింగ్యులర్ ఫిట్’ అని, అంటే ఆ తేడా సున్నా దగ్గర తేలిందన్న వార్నింగ్ వస్తోంది, ఊరిని తీసేసి మామూలు రిగ్రెషన్ చేసేయొచ్చా అని అడిగారు. వద్దండి, అప్పుడే తీసేయకండి.

నాకూ అచ్చం ఇలాగే అయింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో తిరిగి రాసుకొచ్చిన ఫారాలు మావి. ఊళ్ల మధ్య వేరియన్స్ (తేడాల కొలత) సున్నా అని వచ్చింది. నాకు మనసొప్పలేదు. ఒక ఊళ్లో ఒకే వీధిలో ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తున్నారు, మరో ఊళ్లో ఒక్కరూ లేరు. ఫారాలు నింపింది నేనే. సున్నా ఎలా అవుతుంది?

అవుట్‌పుట్‌లో రాండమ్ ఎఫెక్ట్స్ కింద చిన్న వరస ఒకటుంటుంది. అక్కడ ‘గ్రూప్స్: గ్రామం, 10’ అని ఉంది. మేం వెళ్లింది 40 ఊళ్లకి! ప్రతి మండలంలోనూ ఊళ్లకు 1 నుంచి 10 దాకా నంబర్లేశాం. కవిటిలో 3, కంచిలిలో 3 ఆర్‌కి ఒకే ఊరు. సంబంధం లేని నాలుగేసి ఊళ్లను ఒక్కటి చేసేసరికి తేడాలన్నీ కలిసిపోయాయి.

మండలం, ఊరు కలిపి కొత్త కోడ్ ఇవ్వండి, లేదా (1 | మండలం:గ్రామం) అని రాయండి. మండలాన్ని మాత్రం మామూలు వేరియబుల్‌గానే ఉంచండి. నాలుగే మండలాలతో వాటి మధ్య వేరియన్స్ నమ్మకంగా తేలదు, మళ్లీ అదే వార్నింగ్ రావచ్చు. స్టాటా అనే సాఫ్ట్‌వేర్‌లో మండలం, గ్రామం వరసగా రెండు లెవెల్స్ ఇస్తే ఊరిని మండలం లోపలే లెక్కేస్తుంది, ఈ నంబర్ల చిక్కు రాదు.

ఊరిని ఎందుకు తీసేయొద్దంటున్నానంటే, జబ్బు మీద తాగే నీటి ప్రభావం చూస్తున్నారనుకోండి, ఒక ఊళ్లో వాళ్లు తాగే నీరు చాలావరకు ఒకేలా ఉంటుంది. 600 మంది ఉన్నా నీటి విషయంలో మీ చేతిలో ఉన్నది 40 ఊళ్ల సాక్ష్యమే. ఊరు లేకుండా చేస్తే సాఫ్ట్‌వేర్ 600 సాక్ష్యాలున్నట్టు లెక్కేసి, నీటి ప్రభావానికి స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) బాగా తగ్గించి చూపించే ప్రమాదం ఉంది. జబ్బు నీళ్ల వల్లే అని మీ రిపోర్టులో పడిపోతుంది. కిడ్నీ జబ్బుతో ఇన్నేళ్లుగా నలుగుతున్న ఊళ్ల గురించి అలాంటి మాట ఆషామాషీగా రాయకూడదు.

పి-వాల్యూ (అసలు ప్రభావమే లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) ఎల్‌మర్ ఇవ్వదు, ఎల్‌మర్‌టెస్ట్ ప్యాకేజీ వేసుకోండి. క్రియాటినిన్‌కి లాగ్ (లాగరిథమ్) తీయడం మరిచిపోకండి, కొద్దిమంది విలువలు మరీ పైకి పోతాయి.

గ్రూప్స్ దగ్గర 40 వచ్చాక కూడా అదే వార్నింగ్ వస్తే, ఆ రాండమ్ ఎఫెక్ట్స్ భాగం కాపీ చేసి పెట్టండి, చూస్తాను.