ఫోను మేడమీద పెట్టకు

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మీ అమ్మ ఫోను చేసి "మావాడు బాగా రాశాడా?" అని అడిగితే "రాస్తున్నాడు" అని మాత్రమే అన్నాను. ఆ మాటకు నువ్వు నొచ్చుకున్నావట. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే నువ్వు మాటమాటకూ "అవును పిన్నిగారూ, నిజమే పిన్నిగారూ" అంటావు, నేను మెత్తబడిపోతాను. కాగితానికి ఆ మొహమాటం లేదు.

ముందు పోయిన నెల ఆదివారం సంగతి. పెరుంగుడిలో ఏడో అంతస్తులో ఉన్న మీ మిత్రుడి ఇంటికి నన్ను తీసుకెళ్లావు. ఎనిమిది మంది తెలుగు పిల్లలు, మధ్యలో జంతికల పళ్లెం, గోడనిండా టీవీ. మీరంతా కలిసి 'మ్యాడ్ మెన్' అనే అమెరికా సీరియల్ చూస్తున్నారు. 2007 నుంచి 2015 దాకా ఏడు సీజన్లుగా, 92 ఎపిసోడ్లుగా వచ్చిందట. న్యూయార్కులో ప్రకటనలు తయారుచేసే కంపెనీ కథ; 1960లో మొదలై 1970లో ముగుస్తుంది. నేను వచ్చేసరికి మీరు 1968లో ఉన్నారు. మీలో కొందరి తల్లిదండ్రులు అప్పటికి పుట్టనైనా లేదు, అయినా ఆ సంవత్సరం మీద మీరు చూపించిన అధికారం నాకు భలే నచ్చింది.

కళ్లజోడు పెట్టుకున్న అబ్బాయి మొదటి సీజన్ టైపురైటర్ల తప్పు పట్టాడు. కథ 1960 మార్చిలో మొదలవుతుంది, ఆ ఆఫీసు బల్లల మీదున్న ఐబీఎం సెలెక్ట్రిక్ 1961 జూలైలో గాని బజారులోకి రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత చొక్కా గొడవ. కథానాయకుడి భార్య ఒక సన్నివేశంలో ఎర్ర నక్షత్రం ఉన్న తెల్ల బనియను వేసుకుంటుంది. 1969 ఆగస్టులో హత్యకు గురైన నటి షారన్ టేట్ అంతకు ముందు ఒక ఫొటోలో వేసుకున్నదీ అలాంటిదే. దాంతో ఈ అమ్మాయికీ చావు తప్పదని అభిమానులు తేల్చేశారట. సీరియల్ అయిపోయింది, ఆ అమ్మాయి నిక్షేపంగా ఉంది. బనియను మీది నక్షత్రం చూసి జాతకం చెప్పారన్నమాట. నవ్వుకున్నాను గాని, ప్రేక్షకుడు ఎంత ఆశగా చూస్తాడో అప్పుడే తెలిసింది.

తర్వాత వచ్చింది అసలు చర్చ. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. మర్నాడు ఆఫీసులో ఒక తెల్ల ఆవిడ, అక్కడ పనిచేసే నల్లజాతి సెక్రటరీని కౌగిలించుకుంటుంది. ఆ పిల్ల కొయ్యబారి నిలబడుతుంది. కౌగిలించుకున్న ఆవిడకీ తన చేతులు ఎక్కడ పెట్టాలో తెలియదు. కొన్ని క్షణాల దృశ్యం, అంతే. మీరు దాని మీద ముప్పావుగంట పోట్లాడుకున్నారు. ఒక అమ్మాయి అది దొంగ ప్రేమంది. ఇంకో అమ్మాయి, కాదు, ఆ రోజున ఆవిడకు చేతనైనది అంతేనంది. టైపురైటరు అబ్బాయి ఒక్క మాటా మాట్లాడలేదు, జంతిక చేతిలోనే ఉండిపోయింది. పక్కనే కూర్చున్నాను కనుక నీ నోటుబుక్కు నాకు కనిపించింది. టైపురైటరు సంగతి రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నావు. కౌగిలి గురించి ఒక్క ముక్క లేదు.

నీ స్క్రిప్టూ అలాగే ఉంది.

1968 మద్రాసులో తెలుగు కుటుంబం, మౌంట్ రోడ్డు మీద ప్రకటనల ఆఫీసు, టి.నగర్‌లో ఇల్లు. ఆలోచన బాగుంది. మద్రాసు తెలుగువాళ్లంటే అందరూ స్టూడియోల చుట్టూ తిరిగే సినిమా మనుషులే అన్నట్టు రాసేవాళ్లను చూసి విసిగిపోయి ఉన్నాను కనుక ఇంకా బాగుంది. వస్తువులు కూడా శ్రద్ధగా పోగుచేశావు. టెరిలిన్ చొక్కా, స్టాండర్డ్ హెరాల్డ్ కారు, టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు, అన్నీ సరే. తప్పులు కొన్నే, వాటి కోసం నిద్ర పాడుచేసుకోకు. నీ హీరో స్కూటరు ఆపిన జెమినీ ఫ్లైఓవర్ 1973లో వచ్చింది. కవరు మీద 'తమిళనాడు' అని రాయించావు. 1969 జనవరి 14 దాకా అది మద్రాసు రాష్ట్రం. నాయనమ్మ చేత "యాభై పైసలు" అనిపించావు. దశాంశ నాణేలు 1957లోనే వచ్చినా, మా నాయనమ్మ పోయేదాకా అణా, బేడ, పావలా అనే లెక్కపెట్టింది. ఇంకొకటి, ఆ ఇంట్లో ప్రతి వస్తువూ 1968లో కొన్నట్టు నిగనిగలాడుతోంది. ఆ ఏడాది మా ఇంట్లో కొన్న కొత్త సామాను మొత్తం ఒక కిరోసిన్ స్టవ్వు. గడియారం మా తాతగారిది, మంచం అంతకు ముందు వాళ్లది.

ఈ తప్పులు ఎవరైనా దిద్దుతారు. నన్ను అడిగితే నేనూ దిద్దుతాను, కాని నన్ను పూర్తిగా నమ్మకు. చాలా ఏళ్ల క్రితం ఒక చానల్ సీరియల్‌కు రాస్తూ, 1969 జూలైలో మద్రాసులో ఒక కుటుంబం టీవీ ముందు కూర్చుని చంద్రుడి మీద మనిషి నడవడం చూసినట్టు రాశాను. పరిశోధన ఎందుకు, నాకే గుర్తుంది కదా! మా హాల్లో, పరుపుచుట్ట మీద కూర్చుని, నాన్నగారి పక్కన నేను చూశాను. ప్రసారమైన వారానికి ఒక పెద్దాయన పోస్టుకార్డు రాశారు. "అమ్మా, మద్రాసుకు టీవీ 1975 ఆగస్టు 15న వచ్చింది. మీరు చూసినది ఏమిటో చెప్పగలరా?" చెప్పలేకపోయాను. మేము విన్నది రేడియో. తర్వాత ఎప్పుడో సినిమా హాల్లో వార్తాచిత్రంలో చూసి ఉంటాను, ఆ బొమ్మను తెచ్చి నా జ్ఞాపకం మా హాల్లో పెట్టేసింది. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను. పెద్దవాళ్లను అడిగి రాసుకో, కాని వాళ్లు ఎంత ధీమాగా చెబితే అంత అనుమానించు.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన చోటికి వస్తాను. మూడో సన్నివేశం. రాత్రి, మేడమీద గది. కథానాయిక మంచం మీద పడుకుని ఎర్ర ఫోనులో ప్రియుడితో అరగంట మాట్లాడుతుంది. చివర "నాకు కొంచెం స్పేస్ కావాలి" అంటుంది. ఆ మాట సంగతి వదిలేస్తాను, నీకే సిగ్గేస్తుంది. ఆ ఫోను మేడమీదికి ఎలా వచ్చింది? ఒక ప్రెస్సు ఉద్యోగి కూతురి మంచం పక్కకి?

మా వీధి మొత్తానికి ఫోను మా ఇంటిగలవారికి ఒక్కరికే ఉండేది. వాళ్లు కింద, మేము మేడమీద వాటాలో. ఆయన వకీలు. ఫోను హాల్లో, ఆయన పడక్కుర్చీ పక్కన చిన్న స్టూలు మీద ఉండేది, దాని కింద కుట్టుపని చేసిన గుడ్డ. ఒక సాయంత్రం వాళ్లబ్బాయి మెట్ల కింద నుంచి "బెజవాడ నుంచి ట్రంకాల్!" అని కేకపెట్టాడు. నాన్నగారు ఏదో పనిమీద బెజవాడ వెళ్లి ఉన్నారు. అమ్మ కొంగు చేత్తో పట్టుకుని దిగింది, వెనక నేను. వకీలుగారు పేపరు మొహానికి అడ్డంగా పట్టుకున్నారు, పేజీ మాత్రం తిప్పడం లేదు. ఆయన భార్య గుమ్మంలో ముగ్గుపిండి డబ్బా పట్టుకుని నిలబడింది. మర్నాడు వాళ్లమ్మాయికి పెళ్లిచూపులు.

అమ్మ "ఆఁ" అంది. కాసేపటికి "ఎప్పుడు?" అంది. తర్వాత మూడుసార్లు "సరేనండి" అంది. మూడు నిమిషాలయ్యాయని ఆపరేటరు చెప్పినట్టుంది, ఫోను జాగ్రత్తగా పెట్టేసి, గుడ్డ అంచు సరిచేసింది. ఇంటావిడ "ఏమిటమ్మా, అంతా కులాసాయేనా?" అంటే "ఆఁ, గురువారం వస్తారట" అంది. పైకి వచ్చి, రాత్రి ఎనిమిదింటికి, గాబులో చన్నీళ్లు తలమీద పోసుకుంది. "ఇప్పుడు స్నానం ఏమిటమ్మా?" అన్నాను. "ఉక్కగా ఉంది" అంది. మాకు అన్నం పెట్టి తను తినలేదు.

అమ్మను పెంచి పెళ్లి చేసిన పినతండ్రి పోయాడు. ఆ మాట ఆ హాల్లో అంటే ఇంట్లో మైల, మర్నాటి పెళ్లిచూపులకు అపశకునం. అద్దెకున్నవాళ్లం. అమ్మ ఏడవడానికి ఎల్లుండి దాకా ఆగింది. అరగంట మాట్లాడితే రానిది ఆ మూడు "సరేనండి"ల్లో వచ్చింది, ఫోను పరాయివాళ్ల హాల్లో ఉంది కనుక. నువ్వు దాన్ని మేడమీదికి తెచ్చి, నీ సన్నివేశం గొంతు నువ్వే నొక్కేశావు.

ఆఫీసు సన్నివేశానిదీ ఇదే జబ్బు. అమెరికా సీరియల్లో లాగా మీ మేనేజరు పట్టపగలు బీరువా తెరిచి గ్లాసుల్లో విస్కీ పోస్తాడు, అందరూ నవ్వుతారు. నాయనా, 1971 ఆగస్టు దాకా ఇక్కడ మద్యనిషేధం. పర్మిటు ఉన్నవాడికే చుక్క. పర్మిటు లేని ఆ మేనేజరు బీరువా తాళం తీసేటప్పుడు తలుపు వైపు చూస్తాడా, చూడడా? గుమాస్తా వాసన పట్టి ఏమీ ఎరగనట్టు ఫైలు పెట్టి వెళ్లిపోతాడా? ఆ గుమాస్తా మర్నాడు జీతం అడ్వాన్సు అడుగుతాడా? చూడు, నేను నీ కథ రాసేస్తున్నాను. ఆపుతాను.

ఆఖరుది, కష్టమైనదీ. 1969 ఫిబ్రవరి 3. అందరూ 'అన్నా' అని పిలిచే ముఖ్యమంత్రి అన్నాదురై మరణం. నీ స్క్రిప్టులో కుటుంబమంతా రేడియో ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటుంది. కథానాయిక పనిమనిషిని దగ్గరికి తీసుకుని, ఆమెకు వేరే గ్లాసు పెట్టినందుకు తల్లిని నిలదీసి, మనుషులంతా ఒక్కటేనని పది వాక్యాలు మాట్లాడుతుంది. అలా మాట్లాడినవాళ్లు అప్పట్లో లేరని కాదు. ఈ ఊళ్లోనే సభలు పెట్టి మరీ మాట్లాడారు. మరి నీ కథానాయిక ఆ సభలకు ఎప్పుడు వెళ్లింది? ఆ మాటలు ఎక్కడ విన్నది? మొదటి మూడు సన్నివేశాల్లో ఆమెకు అద్దం తప్ప ఇంకేమీ పట్టలేదు. అవి ఆమె మాటలు కావు, నీవి. నువ్వు మంచివాడివని ప్రేక్షకుడికి తెలియజేయడానికి ఆ పిల్లను వాడుకున్నావు.

మా ఇంట్లో ఆ పొద్దున పనిచేసే ఆమె ఏడుస్తూ వచ్చింది. "అన్నా పోయిట్టారు" అంది. అమ్మకు తమిళం అంతంత మాత్రం. ఆమె సొంత అన్న పోయాడనుకుని, "అయ్యో, ఏ ఊళ్లో ఉంటాడు? పిల్లలు ఎందరు?" అని అడిగింది. ఆమె ఏడుపు ఆపి అమ్మ మొహంలోకి చూసింది. నాన్నగారు లోపలి నుంచి సంగతి చెప్పారు. అమ్మ వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపింది. ఆమె గ్లాసు పెరటి గూట్లో బోర్లించి ఉండేది, సత్తుది, అంచు సొట్ట పడినది. దాని కోసం అమ్మ పెరటి గుమ్మం దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, మా స్టీలు గ్లాసులో కాఫీ పోసి ఆమె చేతికిచ్చింది. ఆమె ఆ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తాగలేదు. తాగాక తనే తోమి, మా గ్లాసుల పక్కన పెట్టకుండా, కాస్త ఎడంగా బోర్లించింది.

నాన్నగారు చూశారు, ఏమీ అనలేదు. మూడో రోజుకల్లా కాఫీ మళ్లీ సత్తు గ్లాసులోకి వచ్చింది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ, ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు పదకొండేళ్లు, నేనూ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. ఆ తోచకపోవడాన్ని ఇప్పటిదాకా నేను ఒక్క కథలోనూ సరిగా రాయలేకపోయాను. రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ చిన్నపిల్ల చేత అడిగించేశాను.

రెండో ఎపిసోడ్ ఇప్పుడే మొదలుపెట్టకు. మూడో సన్నివేశం తిరగరాసి పంపు. ఫోను కింద హాల్లో ఉంటుంది, పక్క కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు, ఆ పిల్ల నాలుగు మాటలకు మించి మాట్లాడదు. ఆ నాలుగు మాటలు ఏమిటో నువ్వే తేల్చుకో. కాగితం మీద పంపు, తెర మీద చదివితే నాకు కళ్లు మంటలు. టైపురైటరు అబ్బాయిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పిన్ని