అమ్మకు కాల్షియం, విటమిన్ డి3 కొనాలి. ఏ బ్రాండ్ నమ్మొచ్చు?

బ్రాండ్ పేరు చెప్పను. ఒకే పేరుతో వచ్చే రెండు ప్యాకెట్లలో ఒకటి మందుగా, రెండోది ఆహారంగా అమ్ముడవుతుంటే పేరు నమ్మి ఏం లాభం? షీటు వెనక్కి తిప్పండి.

డ్రగ్ లైసెన్స్ నంబరు ఉండి, పదార్థం పేరు పక్కన ఐ.పి. అని ఉంటే అది ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రభుత్వ ప్రమాణాల పుస్తకం ప్రకారం చేసిన మందు. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు ఉంటే చట్టం లెక్కలో అది తిండి. 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని చీమతలకాయంత అక్షరాల్లో కూడా రాసి ఉంటుంది. ఆ నంబరు తయారీదారుకి లైసెన్సు ఉందని మాత్రమే చెబుతుంది, ఆ డబ్బాని ఎవరో పరీక్షించి పాస్ చేశారని కాదు. రెండూ దొరికితే మొదటిదే తీసుకోండి.

ఇక కాల్షియం. ముందువైపు 1250 అని ఉండొచ్చు. అది కాల్షియం కార్బొనేట్ బరువు, అందులో అసలు కాల్షియం 40 శాతమే, అంటే 500 మిల్లీగ్రాములు. కాల్షియం సిట్రేట్ అనే ఇంకో రకం అయితే 21 శాతమే. 'ఎలిమెంటల్ కాల్షియం' ఎంతో విడిగా రాయని షీటుని అక్కడే వదిలేయండి. ధర పోల్చినా ఆ అంకెతోనే పోల్చాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2020 లెక్కల్లో సాధారణ వయోజనులకి రోజుకి 1000 మిల్లీగ్రాములు చాలు. పాలు, పెరుగు, రాగిజావ నుంచి కొంత వస్తుంది కాబట్టి రోజుకి ఒక 500 బిళ్ల మించి చాలామందికి అక్కర్లేదు. కార్బొనేట్ అరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, అన్నం తిన్నాకే వేసుకోవాలి. పొద్దున్నే గ్యాస్ మాత్రతో యాసిడ్ ఆపేసి, వెంటనే ఖాళీ కడుపున కార్బొనేట్ వేసుకుంటే సగం డబ్బు బాత్రూం పాలు. రోజూ పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర వాడేవాళ్లు సిట్రేట్ అడగండి. థైరాయిడ్ మాత్రకీ కాల్షియంకీ నాలుగు గంటల ఎడం పెట్టండి.

25 రకాలు కలిపామనే మల్టీవిటమిన్లు చూస్తే నాకు నవ్వొస్తుంది. 1000 మిల్లీగ్రాముల కాల్షియంకి రెండున్నర గ్రాముల కార్బొనేట్ పొడి కావాలి, అది ఆ బిళ్లలో ఎక్కడ పడుతుంది? పేర్లన్నీ చిటికెడు చిటికెడు వేస్తారు. జెల్లీలా నమిలే గమ్మీలైతే చాక్లెట్ల కింద లెక్క. జుట్టుకని అమ్మేవాటిలో బయోటిన్ అనే విటమిన్ దండిగా పోస్తారు, దానివల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపి, ల్యాబ్ వాళ్లకీ చెప్పండి.

అసలు ప్రమాదం డి3తో. 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికొకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. సాధారణ వయోజనులకి రోజుకి కావలసింది 600 యూనిట్లు, అంటే ఆ ఒక్క క్యాప్సూల్ వంద రోజుల సరుకు. దాన్ని రోజుకొకటి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీల మీదికి వస్తుంది. అమెరికా నుంచి పిల్లలు పంపే సీసాలో ఒక్కో బిళ్ల 5,000 ఉండొచ్చు. రోజుకొకటి వేసుకుంటే వారానికి 35,000, దానిమీద ఇక్కడి డాక్టరు రాసిన 60,000. సీసా లేబులూ, డాక్టరు చీటీ ఒకేచోట పెట్టి కూడితే గానీ ఇది బయటపడదు. అమెరికా సీసా కదా అని గుడ్డిగా నమ్మకండి. 1994 చట్టం ప్రకారం అక్కడ సప్లిమెంట్లకి అమ్మకముందు అనుమతి అక్కర్లేదు. యూఎస్‌పీ వెరిఫైడ్ ముద్ర ఉంటే బయటివాళ్లు పరీక్షించినట్టు.

మందుగా అమ్మేవీ తప్పుతాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్సీవో నెలనెలా నాణ్యత తప్పిన మందుల జాబితా బ్యాచ్ నంబర్లతో పెడుతుంది. 2024 ఆగస్టు జాబితాలో కాల్షియం, డి3 మాత్రలూ ఉన్నాయి. అది చూసుకోవాలంటే మీ చేతిలో బ్యాచ్ నంబరు ఉండాలి కదా. మెడికల్ షాపులో కత్తెరతో నాలుగు బిళ్లలు కత్తిరించి, బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క తమ దగ్గరే ఉంచుకుంటారు. మీకిచ్చేది ఏ ఊరి బిళ్లో చెప్పలేని వెండిరేకు. పూర్తి షీటు తీసుకోండి, బిల్లు మీద అదే బ్యాచ్ పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మెత్తని క్యాప్సూల్స్ ఒకదానికొకటి అంటుకుపోయినా, విటమిన్ సి బిళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నా అక్కడే తిరిగిచ్చేయండి.