రిఫండ్ వస్తుందని అప్పు చేశారు, అసలు రిఫండ్ ఎంతో చూశారా?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. హెచ్‌1బీ మీద నాలుగో ఏడాది. జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు. 2025 మేలో విజయవాడలో పెళ్లయింది. మా ఆవిడ భారత పౌరురాలే, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఏడాదికి 14 లక్షల జీతం. భార్యగా రావడానికి కావాల్సిన హెచ్‌4 వీసా స్టాంపింగ్ కాలేదు, అమెరికా ఇంకా రాలేదు. పెళ్లవగానే నేను ఆఫీసులో, జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారం మార్చి, జాయింట్ అని పెట్టేశాను. జాయింట్‌గా రిటర్న్ వేస్తే 8 వేల డాలర్లు రిఫండ్ వస్తుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. ఆ పేపర్ల గొడవ ఎందుకు, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అని వేసెయ్ అని ఇంకో ఫ్రెండ్. రిఫండ్ వస్తుందన్న ధైర్యంతో 14 శాతం వడ్డీకి 20 వేల డాలర్ల పర్సనల్ లోన్ తీసుకున్నాను. నాన్నగారు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తెచ్చారు. రెండూ కలిపి హైదరాబాద్ శివార్లలో ఒక ప్రీ-లాంచ్ ఫ్లాటుకు కట్టాం. రెండో వాయిదా ఏప్రిల్‌లో కట్టాలి. నా అకౌంట్లో 6 వేల డాలర్లున్నాయి. ఆవిడ పేరు మీద మ్యూచువల్ ఫండ్ సిప్‌లు, పీపీఎఫ్, కౌలుకిచ్చిన ఎకరం పొలం, గుంటూరు దగ్గర పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ప్లాటు ఉన్నాయి. ప్లాటు ఈ ఏడాది అమ్ముదామనుకుంటున్నాం. ఏ ఫైలింగ్ స్టేటస్ ఎంచుకోవాలి?

జవాబు: స్టేటస్ గురించి అడిగారు, చెప్తాను. కానీ మీ ఉత్తరంలో నాకు భయం వేసిన మాట అది కాదు. జీతం 1,20,000 డాలర్లు, నెత్తిన రెండు అప్పులు, చేతిలో 6 వేలు. రిటర్న్ వేయకముందే రిఫండ్‌ను ఖర్చు పెట్టేశారు. పన్నుల సీజన్‌లో నాకు వచ్చే ఉత్తరాల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి, అందుకే మీ ఉత్తరం ఎంచుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ రెండో ఫ్రెండ్ సంగతి. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే మీరు సింగిల్ అని వేయడానికి లేదు. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కావాలంటే మీ మీద ఆధారపడ్డ బిడ్డో, అర్హత ఉన్న మరో బంధువో ఉండాలి. భార్య ఆ లెక్కలోకి రాదు. ‘అమ్మానాన్నలకు నెలనెలా పంపిస్తున్నాను కదా’ అంటారు. వాళ్లు అమెరికా పౌరులు కాదు, అమెరికాలోనో కెనడాలోనో మెక్సికోలోనో నివాసం లేదు, కాబట్టి డిపెండెంట్లు కారు. ఇలా తప్పుడు స్టేటస్ పెట్టి, రెండు మూడేళ్ల తర్వాత ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నోటీసు వస్తే వడ్డీతో సహా కట్టిన వాళ్లను చూశాను. మీరు ఆ దారికి వెళ్లొద్దు.

ఇక మీకు మిగిలినవి రెండు. ఒకటి, మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ, అంటే పెళ్లయినా ఎవరి రిటర్న్ వాళ్లు వేయడం. ఏమీ చేయకపోతే వచ్చేది ఇదే. రెండోది, సెక్షన్ 6013(జీ) కింద మీ ఆవిడను పన్నుల వరకు అమెరికా రెసిడెంట్‌గా లెక్కించమని ఇద్దరూ సంతకం చేసిన స్టేట్‌మెంట్ జతచేసి జాయింట్‌గా వేయడం. ఏడాది చివరికి మీ ఇద్దరిలో ఒకరైనా అమెరికా రెసిడెంట్ అయి ఉండాలి, మీరు ఉన్నారు. ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద, చదువయ్యాక ఉద్యోగానికిచ్చే ఓపీటీ చేస్తూ ఇంకా నాన్‌రెసిడెంట్‌గా ఉన్న మీ స్నేహితులకు ఈ దారి లేదు, వాళ్లకు ఇది చెప్పి పెట్టండి.

ఇప్పుడు ఆ 8 వేల సంగతి. మీ జీతం ఒక్కటే చూస్తే, 2025కి సెపరేట్‌గా స్టాండర్డ్ డిడక్షన్ 15,750 డాలర్లు, పన్ను దాదాపు 17,870. జాయింట్‌గా డిడక్షన్ 31,500, పన్ను 10,140. తేడా 7,700 పైచిలుకు. మీ ఫ్రెండ్ 8 వేలు అన్నది ఇది చూసే. ఇందులో రెండు వదిలేశాడు.

జాయింట్ అంటే మీ ఆవిడ హైదరాబాద్ జీతం కూడా రిటర్న్‌లోకి వస్తుంది. పెళ్లికి ముందు నెలల జీతం కూడా, జనవరి నుంచి డిసెంబరు దాకా మొత్తం. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి ఒక్క ఫారం-16తో పని జరగదు, రెండేళ్ల ఫారాలూ నెలవారీ పే స్లిప్పులూ దగ్గర పెట్టుకోవాలి. 14 లక్షలంటే సుమారు 16 వేల డాలర్లు. అది కలిపితే జాయింట్ పన్ను 12,800 దాకా పోతుంది. ఆమె ఇండియాలో కట్టిన పన్ను సుమారు వెయ్యి డాలర్లు ఫారిన్ టాక్స్ క్రెడిట్‌గా తగ్గుతుంది. మిగిలేది 11,800 చిల్లర. అంటే సెపరేట్‌తో పోలిస్తే లాభం 6 వేలు. విదేశీ సంపాదన మినహాయింపుకు, అంటే 2555 ఫారానికి, అర్హత కుదిరితే ఇంకో అయిదారు వందలు తగ్గొచ్చు. మీ సీపీఏతో, అంటే అక్కడి ఆడిటర్‌తో, రెండు విధాలా వేయించి చూడండి.

రెండోది మీరు చేసిన పనే. జూన్ నుంచి డబ్ల్యూ-4 జాయింట్ అని మార్చారు కాబట్టి అప్పటి నుంచి మీ జీతంలో పన్ను తక్కువగా కోశారు. నెలకు 640 డాలర్ల చొప్పున ఏడు నెలలు, దాదాపు 4,500 డాలర్లు మీ చేతికి ఎప్పుడో వచ్చేశాయి, ఖర్చు కూడా అయిపోయి ఉంటాయి. నా లెక్క ప్రకారం ఏడాది మొత్తానికి మీ దగ్గర కోసింది 13,500 దగ్గర. అందులోంచి 11,800 తీసేయండి. మీకు వచ్చే రిఫండ్ 1,700 డాలర్లు. అన్నీ కలిసొస్తే 2,300.

ఇంతకన్నా చేదు మాట ఇంకోటి ఉంది. కాగితాలు కుదరక సెపరేట్‌గా వేయాల్సి వస్తే మీకు రిఫండ్ రాదు, మీరే 4,300 డాలర్లు ఎదురు కట్టాలి. ఉన్నది 6 వేలు.

కాగితాలంటే ముఖ్యంగా ఐటిన్, అంటే పన్నుల కోసం ఐఆర్ఎస్ ఇచ్చే నంబరు. మీ ఆవిడకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు కాబట్టి డబ్ల్యూ-7 ఫారం నింపి, పేపర్ రిటర్న్‌కు జతచేసి, ఆస్టిన్‌లోని ఐఆర్ఎస్ ఆఫీసుకు పోస్టులో పంపాలి. ఆన్‌లైన్‌లో నొక్కేస్తే అయిపోయే పని కాదు. పాస్‌పోర్టు అసలుదో, దాన్ని జారీ చేసిన ఆఫీసు సర్టిఫై చేసిన కాపీయో కావాలి. మన నోటరీ ముద్ర వాళ్లకు పనికిరాదు. వీసా స్టాంపింగ్ ముందున్న మనిషి అసలు పాస్‌పోర్టును అమెరికాకు పోస్టు చేయడం తెలివైన పని కాదు కాబట్టి ఐఆర్ఎస్ గుర్తింపు ఉన్న సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంటు దగ్గర చూపించి పని ముగించండి. సీజన్‌లో ఐటిన్‌కు 9 నుంచి 11 వారాలు పడుతుందని ఐఆర్ఎస్సే చెబుతుంది, ఆ తర్వాతే రిఫండ్ కదులుతుంది. ఏప్రిల్ వాయిదాకు ఆ డబ్బు అందదు, ఆశ వదులుకోండి. ఏప్రిల్ 15కి కాగితాలు అందకపోతే 4868 ఫారంతో అక్టోబరు 15 దాకా గడువు తీసుకోవచ్చు. అది రిటర్న్ వేయడానికి గడువు, పన్ను కట్టడానికి కాదు. లేదా ఇప్పుడు సెపరేట్‌గా వేసి, మూడేళ్ల లోపు జాయింట్‌కు సవరించుకోవచ్చు. ముందు జాయింట్‌గా వేసి, గడువు దాటాక సెపరేట్‌కు మారడం మాత్రం కుదరదు.

జాయింట్ ఎంపిక ఆ ఒక్క ఏడాదితో అయిపోదు. రద్దు చేసేదాకా నడుస్తుంది, ఒకసారి రద్దు చేస్తే మళ్లీ పెట్టుకునే అవకాశం మీ ఇద్దరికీ ఉండదు. రిటర్న్‌లో తప్పుంటే ఇద్దరూ బాధ్యులే. మీ ఆవిడ ఆస్తుల మీద వచ్చే ఆదాయమంతా అమెరికా లెక్కలోకి వస్తుంది. కౌలు డబ్బు మన దగ్గర వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు. అమెరికాకు ఆ సంగతి పట్టదు. పీపీఎఫ్ వడ్డీ కూడా అంతే. మ్యూచువల్ ఫండ్లు అమెరికా లెక్కలో పీఫిక్‌లు, అంటే విదేశీ పెట్టుబడి కంపెనీలు, వాటి పన్ను లెక్క చాలా కటువుగా ఉంటుంది. జాయింట్ రిటర్న్‌లో మొత్తం విలువ 50 వేల డాలర్ల లోపు ఉండి, ఏమీ అమ్మకుండా, పెద్ద పంపిణీ ఏదీ రాకుండా ఉంటే వాటిని చూపించే 8621 ఫారం బెడద సాధారణంగా తప్పుతుంది. కాబట్టి 2025లో ఏదైనా రిడీమ్ చేశారా అని ఆమెను ఇవాళే అడగండి.

ప్లాటు సంగతి జాగ్రత్త. 2025కి జాయింట్ ఎంచుకుంటే 2026లో అమ్మిన లాభం కూడా అమెరికా రిటర్న్‌లో చూపాలి. ఇండియాలో కట్టిన 12.5 శాతం పన్నుకు క్రెడిట్ వస్తుంది కాబట్టి మామూలుగా అదనంగా పడేది తక్కువే. కానీ ఆ డబ్బుతో ఇల్లు కొంటే ఇండియా పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ఇండియాలో పన్ను కట్టకపోతే ఇక్కడ క్రెడిట్ ఉండదు, లాభం మొత్తం మీద అమెరికా పన్ను వేస్తుంది. పైగా బహుమతిగా వచ్చిన ప్లాటుకు కొన్న ధర అంటే మీ అత్తమామలు కొన్నప్పటి ధర. ఆ దస్తావేజు వెతికి పెట్టండి. సంతకాలు పెట్టే ముందు సీపీఏకు ఒక్కసారి ఫోన్ చేయండి.

ఇన్ని చిక్కులున్నా మీ ఇద్దరికీ జాయింటే లాభం. 6 వేలు తక్కువ డబ్బేం కాదు. వేయండి.

ఇప్పుడు అప్పుల సంగతికి వస్తాను. పర్సనల్ లోన్ అయిదేళ్లకు తీసుకుని ఉంటే నెలకు 465 డాలర్ల ఈఎంఐ. నాన్నగారి అప్పుకు రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం, నెలకు 20 వేల రూపాయలు వడ్డీకే పోతున్నాయి, అసలు అక్కడే ఉంది. అమెరికాలో డాలర్లు సంపాదించే కొడుకు ఉండగా తండ్రి ఊళ్లో ప్రామిసరీ నోటు రాసిచ్చాడంటే నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఇదంతా ఏ ఆస్తి కోసం? ప్రీ-లాంచ్ అంటేనే రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్టర్ కాకముందు అమ్మేది. 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా బుకింగ్ తీసుకోవడమే చట్ట విరుద్ధం. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ ఆఫ్ సేల్ లేకుండా ధరలో 10 శాతం కన్నా ఎక్కువ తీసుకోవడమూ అంతే. మీరు సుమారు 27 లక్షలు కట్టారు. మీ చేతిలో ఉన్నది అగ్రిమెంటా, రసీదా? రసీదే అయితే ఏప్రిల్ వాయిదా కట్టొద్దు. క్రెడిట్ కార్డు నుంచి, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ నుంచి అసలే వద్దు. రెరా నంబరు అడగండి, తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో చూసుకోండి, లేకపోతే లిఖితపూర్వకంగా డబ్బు వెనక్కి అడగండి.

నేను ఎవరికి రాసినా చివరకు ఎమర్జెన్సీ ఫండ్ దగ్గరే ఆగుతాననే పేరుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఉద్యోగం పోతే మీకు గరిష్ఠంగా 60 రోజులు, మీరు దేశంలో ఉండే గడువు చెప్పే ఐ-94 అంతకన్నా ముందే ముగిసిపోతే ఇంకా తక్కువ. ఆ 60 రోజుల్లో కొత్త ఉద్యోగం, కొత్త పిటిషన్, ఇంటి లీజు, కారు వాయిదా, రెండు అప్పులు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. మీ ఆవిడ హెచ్‌4 మీ వీసాను పట్టుకునే ఉంటుంది. ఇంకో మాట, ఆమె ఇక్కడికి వస్తే ఆ 14 లక్షల జీతం ఆగిపోతుంది. మీ గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140 అప్రూవ్ కాకుండా సాధారణంగా హెచ్‌4 మీద పని చేసే అనుమతి రాదు. ఆదాయం ఒకటవుతుంది, ఖర్చు ఇద్దరిది.

ఫ్రిస్కోలో నెలకు నాలుగు వేలకు పైగా ఖర్చు ఉంటుందనుకుంటున్నాను. ఆరు నెలలకు 25 వేల డాలర్లు. మీ దగ్గర ఆరున్నాయి. కాబట్టి వరస ఇదీ: 6 వేలను కదపొద్దు. జీతంలోంచి మిగిలిందంతా ముందు నాన్నగారి 24 శాతం అప్పుకు పంపండి. ప్లాటు అమ్మితే వచ్చిన డబ్బులో అమెరికా పన్నుకు పక్కన పెట్టి, మొదట ఆ అప్పు, తర్వాత పర్సనల్ లోన్ తీర్చి, మిగిలింది హై-యీల్డ్ సేవింగ్స్‌లో పెట్టండి. ప్లాటు మీ ఆవిడది, ఆమె సరే అంటేనే. రిఫండ్ 1,700 వస్తే అది కూడా ఫండ్‌లోకే. 401(కే) రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ తన వంతు కలిపే మ్యాచ్ వరకు ఆపకండి, అంతకన్నా ఎక్కువ ఇప్పుడు వద్దు. టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, రెండు అప్పులున్న మనిషికి అది తప్పదు. ఆమె అమెరికా రాగానే ఆఫీసు హెల్త్ ప్లాన్‌లో చేర్చడానికి సాధారణంగా 30 రోజులే ఉంటాయి, హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

డబ్ల్యూ-7కి సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంటు అపాయింట్‌మెంట్ మాత్రం ఈ వారమే తీసుకోమని మీ ఆవిడకు చెప్పండి.