శిక్షణ తరగతుల వేళల గురించి ఆసుపత్రి సిబ్బందిని ఎలా అడగాలి?

మీ ఆసుపత్రిలో నర్సులకూ సహాయక సిబ్బందికీ నెలనెలా పెట్టే శిక్షణ తరగతులకు హాజరు పలచగా ఉంటోందనీ, ఏ రోజు, ఏ వేళ అనుకూలమో ఒక ఫారం ద్వారా అందరినీ అడగాలనుకుంటున్నారనీ, అందులో ఏ ప్రశ్నలు ఉండాలో చెప్పమనీ రాశారు. నేను కొన్నేళ్లు వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి, తర్వాత గుంటూరు, విజయవాడ ప్రాంతపు ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సింగ్ శిక్షణ బాధ్యత చూస్తున్నాను. ఇలాంటి ఫారాలకు జవాబులు రాసినదాన్నీ నేనే, తర్వాత వాటిని తయారు చేసినదాన్నీ నేనే కాబట్టి, రెండు వైపుల నుంచీ నాకు తెలిసినది చెబుతాను.

అన్నిటికంటే ముందు, 'మీకు ఏ సమయం అనుకూలం?' అనే ప్రశ్నను ఆ రూపంలో పెట్టకండి. పది నుంచి అయిదు దాకా నడిచే కార్యాలయంలో ఆ ప్రశ్నకు ఒక అర్థం ఉంటుంది. డ్యూటీలు మారే చోట దానికి ఒక్క జవాబు ఉండదు. ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది అనే మూడు డ్యూటీల పద్ధతిలో ఒకే మనిషి ఈ వారం మార్నింగ్‌లో ఉంటుంది, వచ్చే వారం నైట్‌లో ఉంటుంది. మార్నింగ్ వారంలో మధ్యాహ్నం రెండున్నర ఆమెకు అనుకూలమైన సమయం. నైట్ వారంలో అదే రెండున్నర ఆమె గాఢ నిద్రలో ఉండే సమయం. ఫారం చేతికి వచ్చిన రోజున ఏ డ్యూటీలో ఉంటే ఆ డ్యూటీని మనసులో పెట్టుకుని ఆమె జవాబు రాస్తుంది, మీరు దాన్ని ఆమె శాశ్వతమైన ఇష్టంగా లెక్కలో వేసుకుంటారు. అందుకే ప్రశ్నను డ్యూటీ వారీగా విడదీయాలి. 'మీరు మార్నింగ్ డ్యూటీలో ఉన్న వారంలో శిక్షణకు ఏ సమయంలో రాగలరు?' అని ఒకటి, ఆఫ్టర్‌నూన్ వారం గురించి ఒకటి, నైట్ వారం గురించి ఒకటి అడగాలి. ఫారం కొంచెం పొడవవుతుంది, కానీ ఈ మూడూ లేకుండా వచ్చిన జవాబులతో మీరు ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

రెండో విషయం, అనుకూలమైన వేళలకంటే బొత్తిగా కుదరని వేళల గురించి అడగడం మేలు. అనుకూలం అనేది చాలామంది మొహమాటంతో రాసే మాట. నర్సింగ్ సూపరింటెండెంట్ కార్యాలయం నుంచి వచ్చిన కాగితం మీద 'ఎప్పుడైనా సరే' అని రాసి ఇచ్చేవాళ్లు ప్రతి వార్డులోనూ ఉంటారు. 'ఏ సమయంలో ఎట్టి పరిస్థితుల్లోనూ రాలేరు?' అని అడిగితే మాత్రం జవాబులు నిజంగా ఉంటాయి. తెనాలి నుంచి రైల్లో వచ్చి వెళ్లే అమ్మాయికి ఒక బండి తప్పితే తర్వాతి బండి దాకా స్టేషన్‌లో కూర్చోవలసి వస్తుంది. చిన్నపిల్లల తల్లికి బడి వదిలే వేళ కుదరదు. మన ప్రాంతపు నర్సుల్లో క్రైస్తవులు చాలామంది ఉంటారు, వాళ్లకు ఆదివారం ఉదయం ప్రార్థన వదులుకోవడం కష్టం. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లకు సాయంత్రం ఇఫ్తార్ వేళ కుదరదు. రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగి పల్లెకు వెళ్లే ఆయాకు ఆఖరి బస్సు గడియారంతో సమానం. వీటికి విడివిడిగా గడులు గీయనక్కరలేదు. వారంలోని ఏడు రోజులూ, రోజులోని నాలుగైదు వేళలూ ఉన్న ఒక పట్టిక ఇచ్చి, కుదరని చోట అడ్డగీత గీయమంటే చాలు. కారణం చెప్పమని బలవంతం చేయకండి. కారణం అడిగితే అది తమ నడవడి మీద విచారణ అనుకుని కొందరు పట్టికను ఖాళీగా వదిలేస్తారు.

నైట్ డ్యూటీ ముగిసిన వెంటనే తరగతి పెట్టే అవకాశాన్ని ఆ పట్టికలో చేర్చవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. 'ఎలాగూ ఆసుపత్రిలోనే ఉన్నారు కదా, ఎనిమిదింటికి దిగగానే ఒక గంట కూర్చోబెడితే సరిపోతుంది' అన్న ఆలోచన యాజమాన్యాలకు తరచూ వస్తుంది. సిబ్బందిలోనూ కొందరు, మళ్లీ మధ్యాహ్నం రావడంకంటే ఇదే నయమని దానికి టిక్కు పెడతారు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, 17 గంటలు ఎడతెరిపి లేకుండా మేల్కొన్నవారి చేతికీ కంటికీ మధ్య సమన్వయం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవారి స్థాయికి పడిపోయిందని తేలింది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితేనే బండి నడపడం నేరం. ముందురోజు మధ్యాహ్నం మూడింటికి లేచి, రాత్రంతా ఐసీయూలో నిలబడిన మనిషికి ఉదయం ఎనిమిదికి సరిగ్గా 17 గంటలు పూర్తవుతాయి. ఆమెను మరో గంట కూర్చోబెట్టి మందుల మోతాదుల లెక్క నేర్పడం వృథా ప్రయాస. ఆ తర్వాత ఆమె స్కూటీ మీద ఇంటికి వెళ్లడం ప్రమాదకరం కూడా. ఎంతమంది టిక్కు పెట్టినా మీరు ఒప్పుకోకూడని జవాబు ఇది. కాబట్టి అసలు అడగకపోవడమే న్యాయం.

ఇక్కడొక మాట చెప్పాలి. హాజరు తగ్గడానికి కారణం వేళే అని మీరు ముందే నమ్మినట్టు మీ ప్రశ్న చదివితే అనిపించింది. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. నేను చూసినంతలో తరగతి వేళకు నర్సు ఆసుపత్రిలోనే, రెండంతస్తుల దూరంలోనే ఉండి కూడా రాలేని సందర్భాలు చాలా ఎక్కువ. ఆమె వస్తే ఆ మంచాల దగ్గర ఎవరుంటారు? సర్జరీ నుంచి రోగి అప్పుడే వార్డుకు వచ్చాడు, డిశ్చార్జి కాగితాలు కావాలని బంధువులు నిలబడి ఉన్నారు, పక్క సిస్టర్ సెలవులో ఉంది. ఇలాంటప్పుడు తరగతిని మూడింటి నుంచి నాలుగింటికి మార్చినా ఒరిగేదేమీ లేదు. అందువల్ల ఫారంలో ఈ ప్రశ్న తప్పక ఉండాలి: 'గత మూడు నెలల్లో మీరు రాలేకపోయిన తరగతి ఉంటే, దానికి కారణం ఏమిటి?' దాని కింద కొన్ని కారణాలు మీరే ఇవ్వండి. వార్డులో బదులు మనిషి లేకపోవడం, హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీవాళ్లకు రోగుల వివరాలు అప్పగించడం) ఆలస్యం కావడం, తరగతి ఉన్నట్టు ముందుగా తెలియకపోవడం, నైట్‌లో గానీ వీక్లీ ఆఫ్‌లో గానీ ఉండటం, విషయం తన పనికి సంబంధించినది కాదనిపించడం, ఇవి చాలు. నా అనుభవంలో ఫారం మొత్తంలో అన్నిటికంటే ఉపయోగపడే ప్రశ్న ఇదే. 'బదులు మనిషి లేదు' అన్న జవాబు ఎక్కువగా వస్తే మీరు మార్చవలసినది తరగతి వేళ కాదు. ఆ గంటసేపు వార్డుకు ఒక రిలీవర్‌ను ఏర్పాటు చేయమని యాజమాన్యాన్ని అడగాలి, అడగడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

దీనితోపాటు 'గత వారం మీ డ్యూటీ నిజంగా ఏ సమయానికి ముగిసింది?' అని కూడా అడగండి. రోస్టర్‌లో, అంటే డ్యూటీల పట్టికలో, మధ్యాహ్నం రెండింటికి అని ఉన్నా హ్యాండోవర్ ఇచ్చి, నోట్స్ రాసి, బయటపడేసరికి రెండున్నరో మూడో అవుతుంది. రెండు డ్యూటీల వాళ్లూ ఒకేసారి ఆసుపత్రిలో ఉండేది ఈ సంధి సమయంలోనే కాబట్టి చాలాచోట్ల శిక్షణను అక్కడే పెడతారు. అయితే మార్నింగ్ వాళ్లు అప్పటికి అన్నం తిని ఉండరు. తరగతి రెండున్నరకు అనుకుంటే భోజనం సంగతి ముందే తేల్చండి. క్యాంటీన్ నుంచి పొట్లాలు ఇప్పించగలిగితే హాజరులో తేడా మీకే కనిపిస్తుంది.

ఫారం పంచకముందే యాజమాన్యంతో ఒక విషయం తేల్చుకోవాలి. శిక్షణకు వెచ్చించిన సమయాన్ని డ్యూటీగా లెక్కిస్తారా, లేదా? డ్యూటీ వేళల బయట జరిగితే దానికి బదులు సెలవు ఇస్తారా? ఈ రెండింటికీ రాతపూర్వకమైన జవాబు లేకుండా వేళల గురించి అడగడం సరైన పద్ధతి కాదని నేను గట్టిగా నమ్ముతాను. తన గంటకు లెక్క ఉందో లేదో తెలియని మనిషి ఇచ్చే జవాబు మీద ఆధారపడలేం. అలాగే 'వీక్లీ ఆఫ్ రోజున రావడానికి సమ్మతమేనా?' అని అడగకండి. వాళ్ల ఉద్యోగం మీ చేతిలో ఉన్నప్పుడు ఆ ప్రశ్నకు 'కాదు' అని రాసే స్వేచ్ఛ అందరికీ ఉండదు. యాజమాన్యం ఇవ్వలేని వెసులుబాటును ఎంపికల్లో చూపించకండి. ఇస్తామన్నట్టు చూపి, తర్వాత ఇవ్వకపోతే మీరు పంచే తర్వాతి ఫారానికి జవాబులు రావు.

విషయాన్ని బట్టి వేళ మారుతుందన్న సంగతినీ ఫారంలో చూపించాలి. గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కే సీపీఆర్‌, బొమ్మ మీద చేతులతో నొక్కి నేర్చుకోవలసినది. కొద్దిమందిని మాత్రమే కూర్చోబెట్టగలం, రెండు మూడు గంటలు పడుతుంది. చేతుల శుభ్రత, సూది గుచ్చుకున్నప్పుడు చేయవలసిన పనులు వంటివి వార్డులోనే నర్సింగ్ స్టేషన్ దగ్గర పావుగంటలో చెప్పవచ్చు. సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందును వీలైనంత త్వరగా, ఎట్లా చూసినా 72 గంటల లోపు మొదలుపెట్టాలన్న ఒక్క విషయం రాత్రి పదింటికి, వార్డు సద్దుమణిగాక, నైట్ సిబ్బందికి అయిదు నిమిషాల్లో చెప్పినా మనసులో నిలుస్తుంది. కాబట్టి 'ఒకేసారి రెండు గంటలా, లేక అరగంట చొప్పున నాలుగు సార్లా?' అని అడిగేటప్పుడు ఏ విషయానికో కూడా రాయండి.

శిక్షణ తమకు ఎందుకు అవసరమో ఫారం పైన రెండు వాక్యాల్లో చెప్పడం కూడా మంచిది. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య ఉండాలని భారతీయ నర్సింగ్ మండలి చెబుతోంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే బీఎల్‌ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) కార్డు రెండేళ్లే చెల్లుతుంది. ఇవి నర్సుకు సొంతంగా ఉపయోగపడేవి కాబట్టి తనకు ఇంకా ఎన్ని గంటలు కావాలో లెక్క చూసుకుని మరీ జవాబిస్తుంది.

ఇక ఆయాలు, వార్డు బాయ్‌లు, హౌస్‌కీపింగ్ వాళ్ల సంగతి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చేరినప్పుడూ, ఆ తర్వాత కనీసం ఏడాదికొకసారీ శిక్షణ ఇవ్వాలి. పసుపు సంచిలో ఏది వేయాలో, ఎరుపు సంచిలో ఏది వేయాలో అన్నిటికంటే ఎక్కువగా తెలియవలసినది వాళ్లకే. కానీ వేళల సర్వే దాదాపు ఎప్పుడూ వాట్సాప్‌లో గూగుల్ ఫారంగా, అదీ ఇంగ్లీషులో వెళ్తుంది కాబట్టి వాళ్ల మాట లెక్కలోకే రాదు. చాలామంది కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు కావడంతో, వాళ్ల వేళలు ఆసుపత్రి రోస్టర్‌లోనూ కనిపించవు. వాళ్లను తెలుగులో, నోటితో, ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు అడిగి రాసుకోవాలి. అడిగేది వాళ్ల సూపర్‌వైజరు కాకూడదు, మీ శిక్షణ విభాగం మనిషే వెళ్లాలి. తరగతికి వస్తే ఆ పూట కూలి కోత ఉంటుందా అన్నది ఏజెన్సీతో ముందే మాట్లాడి, ఉండదని వాళ్లకు చెప్పగలిగినప్పుడే అడగండి.

నర్సులకైతే ఫోనులో ఫారం సరిపోతుంది, అయినా హ్యాండోవర్ వేళ కొన్ని కాగితాలు కూడా పెట్టి, పక్కన మూత ఉన్న పెట్టె ఉంచండి. పేరు అడగకండి. విభాగం, డ్యూటీ పద్ధతి చాలు. నలుగురే ఉండే డయాలసిస్ వంటి చోట విభాగం పేరు రాసినా మనిషి తెలిసిపోతుంది కాబట్టి, చిన్న విభాగాలన్నిటినీ కలిపి ఒకే గడిగా ఇవ్వండి. పెళ్లయిందా, పిల్లలున్నారా, వయసెంత అన్నవి ఈ పనికి అక్కరలేదు.

జవాబులు వచ్చాక ఎక్కువమంది ఎంచుకున్న వేళను ఖాయం చేసేయాలనిపిస్తుంది. అలా చేయకండి. వందమందిలో అరవైమంది మధ్యాహ్నం రెండున్నర అన్నారనుకుందాం. మిగిలిన నలభైమందిలో ఎక్కువమంది నైట్‌కే కేటాయించినవాళ్లయితే, ఆ నిర్ణయంతో ఒక డ్యూటీ మొత్తం ఏడాది పొడవునా శిక్షణకు దూరమవుతుంది. రాత్రి రెండింటికి గుండె ఆగిన రోగి దగ్గర ఉండేది వాళ్లే. మీరు చూడవలసినది ఏ వేళకు ఎక్కువ ఓట్లు పడ్డాయన్నది కాదు. ఏ రెండు మూడు వేళలు కలిపి పెడితే ఎవరూ పూర్తిగా మిగిలిపోకుండా ఉంటారో చూడాలి. అడ్డగీతల పట్టిక అందుకే పనికొస్తుంది. ఒక వేళకు రాలేనివాళ్లు మరో వేళకు రాగలుగుతున్నారా అని దాని మీద వేలు పెట్టి చూసుకోవచ్చు. ఒకే పాఠాన్ని నెలలో మూడు సార్లు, మూడు వేర్వేరు వేళల్లో చెప్పడం బోధించేవారికి శ్రమే, కానీ డ్యూటీలు మారే చోట వేరే దారి నాకు కనిపించలేదు. జవాబివ్వనివాళ్లను కూడా డ్యూటీ వారీగా లెక్కించండి. ఐసీయూ నుంచి కాగితాలు రాకపోతే వాళ్లకు ఆసక్తి లేదని కాదు, ఆ వారం వాళ్లకు తీరిక దొరకలేదని అనుకుని మళ్లీ వెళ్లి అడగాలి.

ఫలితాలను రెండు వారాల లోపు బయోమెట్రిక్ యంత్రం పక్కన అంటించండి. ఎవరు ఏమడిగారు, దేనికి ఒప్పుకున్నాం, దేనికి ఒప్పుకోలేకపోయాం, ఎందుకు అన్నది ఒకే పేజీలో సరిపోతుంది. కొత్త వేళలను మూడు నెలలు నడిపి, హాజరును డ్యూటీ వారీగా పాత లెక్కతో పోల్చి చూడండి. సర్వేను సంక్రాంతి రద్దీలోనూ, డెంగీ జ్వరాలతో వార్డులు నిండే వానాకాలంలోనూ, ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ సంస్థ తనిఖీకి ముందూ పెట్టకండి. పిల్లల పదో తరగతి పరీక్షలుండే మార్చిలో వచ్చే జవాబులు ఆ నెలకే వర్తిస్తాయి. రోస్టర్ పద్ధతి మారిన ప్రతిసారీ పూర్తి ఫారం అక్కరలేకుండా, అడ్డగీతల పట్టికను మాత్రం మళ్లీ పంచితే సరిపోతుంది.