ఫోన్‌లో కనిపించే ప్రింటర్ ల్యాప్‌టాప్‌లో ఎందుకు కనిపించదు?

ప్రశ్న: సార్, మాది నరసన్నపేట. ఇంట్లోనే పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్తాను. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ కదలట్లేదని మా తమ్ముడు లుబుంటు అనే తేలికపాటి లైనక్స్ వేసిచ్చాడు, బాగానే నడుస్తోంది. ఈమధ్య వైఫై ప్రింటర్ కొన్నాం. ఫోన్ నుంచి ప్రింట్ వస్తోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం దాని పేరే కనిపించదు. శ్రీకాకుళంలో ఒక షాపులో అడిగితే లైనక్స్‌కి ఇది పని చెయ్యదు, విండోస్ వేయించుకోండి అన్నారు. పరీక్షల ముందు ఒకటే టెన్షన్.

జవాబు: విండోస్ వేయించకండమ్మా. ఆ ల్యాప్‌టాప్ మళ్లీ మూలన పడుతుంది. ఫోన్ నుంచి ప్రింట్ వస్తోందంటే ప్రింటర్ వైఫై బాగానే ఉంది, పైగా అది ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్, నెట్‌వర్క్ మీద ప్రింట్ పంపే పద్ధతి) తెలిసిన ప్రింటర్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. 2010లో ఆపిల్ వాళ్ల వైఫై ప్రింటింగ్ పద్ధతి ఎయిర్‌ప్రింట్ వచ్చిన దగ్గర్నుంచి వైఫై ప్రింటర్లలో ఎక్కువ భాగం ఇదే పద్ధతికి వచ్చేశాయి, లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్‌కీ ఇది వచ్చు, కాబట్టి కంపెనీ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపించే ప్రోగ్రాం) కోసం నెట్‌లో వెతకడం తర్వాతి మాట. ముందు ల్యాప్‌టాప్, ప్రింటర్ ఒకదాన్నొకటి చూడగలుగుతున్నాయో లేదో తేల్చుకోవాలి.

ల్యాప్‌టాప్, ప్రింటర్ ఒకే రౌటర్‌లో, ఒకే వైఫై పేరు మీద ఉన్నాయా? గెస్ట్ వైఫైలో ఉన్నది మిగతావాటికి మామూలుగా కనిపించదు. చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి, ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే కొన్ని రౌటర్లు అటు సమాచారం ఇటు పంపవు, అందుకని ఒక్కసారి ల్యాప్‌టాప్‌నీ 2.4కి మార్చి చూడండి. ఆ తర్వాత ప్యాకేజీ మేనేజర్‌లో (ప్రోగ్రాంలు వేసుకునే చోటు) కప్స్, అవాహి-డీమన్ రెండూ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే వేసుకోండి. నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ని వెతికిపెట్టేది అవాహియే. తేలిక సిస్టమ్ అని ఎవరైనా దాన్ని ఆపేసి ఉంటే పేరు కనిపించదు. ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే సమాచారాన్ని అడ్డుకునే ప్రోగ్రాం) పెట్టుకుని ఉంటే, అవాహి వాడే యూడీపీ 5353 పోర్టు అందులో తెరవాలి.

అప్పటికీ రాకపోతే చేత్తో చేర్చేయొచ్చు, నిజానికి నాకు ఇదే నమ్మకమైన దారి. ప్రింటర్ సెట్టింగ్స్‌లో దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) చూసి రాసుకోండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, కోలన్, 631 కొడితే కప్స్ పేజీ వస్తుంది. అడ్మినిస్ట్రేషన్‌లో యాడ్ ప్రింటర్ నొక్కి, మీ ల్యాప్‌టాప్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్ ఎంచుకుని, ఐపీపీ, కోలన్, రెండు స్లాష్‌లు, ప్రింటర్ అడ్రస్, స్లాష్, ఐపీపీ, స్లాష్, ప్రింట్ అని ఖాళీల్లేకుండా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాయండి. మోడల్ అడిగేచోట ఐపీపీ ఎవ్రీవేర్.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ ప్రింటర్‌కి కొత్త అడ్రస్ ఇచ్చేయగలదు, నిన్న పని చేసింది ఇవాళ ఆగిపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. రౌటర్‌లో ఆ ప్రింటర్‌కి అడ్రస్ రిజర్వ్ చేయించండి, తమ్ముడికి చెప్తే చేస్తాడు.

హెచ్‌పీ ప్రింటర్ అయితే లైనక్స్ కోసం ఆ కంపెనీ డ్రైవర్ ప్యాకేజీ హెచ్‌పీలిప్ కూడా ఉంది, కానీ పై దారిలో పనైపోతే ఆ బరువు మీ 2 జీబీ మీద వద్దు. స్కానింగ్‌కి సేన్-ఎయిర్‌స్కాన్ అనే ప్యాకేజీ వేసుకోండి. ఇంకో మాట, ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో బయట టైప్ చేయిస్తుంటే పీడీఎఫ్‌గా తీసుకోండి, ఫైలు అలాగే తెస్తే మీ దగ్గర ఆ ఫాంట్ లేక అక్షరాలు చెదిరిపోతాయి, తప్పు ప్రింటర్‌ది అనుకుంటారు.

ఇన్ని చేసినా కదలకపోతే ప్రింటర్ మోడల్ నంబరు రాసి పంపండి.